పీవీ అయిదేళ్ల పాలనను ఏ అంకెలతో తూచాలి?

నల్లబల్ల (సోమవారం, రాత్రి 9:40)

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఈ శనివారం మా కళాశాలలో పీవీ నరసింహారావు గారి ఆర్థిక పాలన మీద పిల్లల చర్చ ఉంది. గోడకు తగిలించడానికి ఒక అట్ట మీద కొన్ని అంకెలు రాయమని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు. నిన్న కూర్చుని రాసినవి ఇవి. వృద్ధి రేటు 1991-92లో 1.3 శాతం, 1995-96లో 7.3 శాతం. విదేశీ మారక నిల్వలు 1991 మార్చి చివర 580 కోట్ల డాలర్లు, 1996 మార్చి చివర 2,170 కోట్ల డాలర్లు. టోకు ధరల ద్రవ్యోల్బణం 1991 ఆగస్టులో 17 శాతం దాకా వెళ్లింది, ఆయన దిగిపోయే నాటికి 5 శాతం దరిదాపుల్లో ఉంది.

ఇవాళ తరగతిలో చూపించాను. రెండో వరుసలో కూర్చునే అమ్మాయి లేచి, "ఇంత బాగుంటే 1996లో ఆయన ఎందుకు ఓడిపోయారండీ?" అని అడిగింది. ఆ పిల్లకు సరైన జవాబు చెప్పలేకపోయాను. అంకెల్లో తప్పు లేదు. కానీ అట్టను మళ్లీ చదువుకుంటే సన్మానపత్రంలా అనిపించింది. మీరైతే ఏ అంకెలు ఉంచుతారు, ఏవి తీసేస్తారు, ఏవి చేరుస్తారు?

కాకతీయ తోరణం (సోమవారం, రాత్రి 10:15)

మాస్టారూ, ఒక్క అంకె కూడా తీయకండి. ఆయన కుర్చీ ఎక్కేనాటికి ఖజానా ఎలా ఉందో నేటి పిల్లలకు తెలియదు. 1991 జూన్ 21న ప్రమాణం చేశారు. అంతకు ముందే, మే నెలలో, చంద్రశేఖర్ ప్రభుత్వం 20 టన్నుల బంగారాన్ని స్విట్జర్లాండుకు పంపింది. చాలక జులైలో రిజర్వు బ్యాంకు మరో 47 టన్నుల దాకా విమానాల్లో లండన్‌కు తరలించింది. దాన్ని కుదువ పెట్టి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తెచ్చుకున్నది దాదాపు 40 కోట్ల డాలర్లు. ఇంటి బంగారం తాకట్టుకు వెళ్లడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. జులై 24న మన్మోహన్ సింగ్ గారు బడ్జెట్ ప్రసంగంలో చెప్పిన మాట, ఉన్న నిల్వలు పదిహేను రోజుల దిగుమతులకే సరిపోతాయని.

అక్కడి నుంచి 2,170 కోట్ల డాలర్లు. తన పల్లె వంగర నుంచి వెళ్లిన మనిషి, పార్లమెంటులో పూర్తి మెజారిటీ లేకుండా, సొంత పార్టీలోనే సగంమంది ఎదురు తిరుగుతుండగా ఈ పని చేశారు. మా వైపు ఇళ్లలో ఆయన ఫోటో ఊరికే పెట్టుకోలేదు.

పాత బడ్జెట్లు (మంగళవారం, ఉదయం 6:50)

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ లెక్కల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పీవీ మీద గౌరవం నాకూ తక్కువ లేదు. అందుకే ఆయన్ను తప్పుడు త్రాసులో పెట్టవద్దని అడుగుతున్నాను.

1.3 నుంచి 7.3 అని రాస్తే చదివేవారికి వృద్ధి అయిదు రెట్లకు పైగా పెరిగిందన్న భావన కలుగుతుంది. 1.3 అనేది గోతిలో అడుగు. జ్వరం 104 ఉన్నరోజు నుంచి లెక్క మొదలుపెడితే ఏ వైద్యుడైనా ఘనుడే. దాని ముందు ఏడాది, 1990-91లో, వృద్ధి 5 శాతం పైనే ఉంది. 1980ల దశకం సగటు సుమారు 5.5. ఎనిమిదో పంచవర్ష ప్రణాళిక, అంటే 1992 నుంచి 1997 దాకా, లక్ష్యం 5.6 పెట్టుకుంటే సాధించింది 6.5 దాటింది. న్యాయంగా చూస్తే పెరుగుదల ఒక శాతం, కాస్త అటూఇటూ. ఒక శాతం చిన్నదని నేను అనడం లేదు. ఏటికేడు చక్రవడ్డీలా పేరుకుంటే అది ఒక తరం బతుకును మార్చగలదు. కానీ అది ఆరు శాతం కాదు.

అంతకంటే ముఖ్యమైన విషయం, 1980ల వృద్ధి అప్పు మీద నడిచింది. 1988-89లో వృద్ధి 10 శాతం దరిదాపుల్లో ఉంది. ఆ ఒక్క అంకె చూసినవారు మూడేళ్లలో బంగారం కుదువకు వెళుతుందని ఊహించగలరా? అందుకే నా దృష్టిలో పీవీ అయిదేళ్లకు అసలైన సాక్ష్యం వృద్ధి రేటులో లేదు, అప్పుల స్వరూపంలో ఉంది. ఏడాదిలోపు తీర్చవలసిన విదేశీ అప్పు 1991 మార్చిలో దాదాపు 850 కోట్ల డాలర్లు. 1996 మార్చికి 500 కోట్ల డాలర్లు. విదేశాల నుంచి ఏటా వచ్చే రాబడిలో అప్పుల కిస్తీలకు, వడ్డీలకు పోయే వాటా 1990-91లో 35 శాతం, 1995-96లో 26. రాత్రి నిద్రపోనివ్వని అప్పు తగ్గింది. మొత్తం విదేశీ అప్పు డాలర్లలో పెరిగిందని ఎవరైనా వాదిస్తే, అదీ నిజమే. అప్పు ఎంత అన్నదానికంటే ఎప్పుడు తీర్చాలి అన్నదే 1991లో మన మెడకు చుట్టుకుంది.

ఇక ద్రవ్యలోటు, అంటే ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు పెట్టి అప్పుతో పూడ్చుకునే మొత్తం. 1990-91లో జీడీపీలో 7.8 శాతం, 1991-92లో 5.6కు దించారు. భేష్. 1993-94లో అది మళ్లీ 7 శాతానికి ఎక్కింది. ఈ ఏడాదిని ఎవరూ అట్టల మీద రాయరు. రాయాలి. (అప్పటి పత్రాల్లో 7.8 బదులు 8.4 అని కనిపిస్తే కంగారు పడకండి. జీడీపీ లెక్కల శ్రేణిని తరువాత సవరించారు.)

సముద్రం అవతల (మంగళవారం, ఉదయం 8:05, కువైట్ నుంచి)

అందరూ ఢిల్లీ లెక్కలే చెబుతున్నారు. ఆ గోతిని తవ్వినవారిలో సద్దాం హుస్సేన్ కూడా ఉన్నాడని మరచిపోవద్దు. 1990 ఆగస్టులో కువైట్‌ను ఆక్రమించగానే చమురు ధర ఎగిరింది, గల్ఫ్ నుంచి ఇళ్లకు వచ్చే డబ్బు ఆగింది. ఒకేసారి రెండు దెబ్బలు. మా నాన్న ఆ రోజుల్లో ఇక్కడే వంటమనిషి. ఇరాక్ మీదుగా బస్సులో అమ్మాన్ చేరి, గుడారంలో పదకొండు రోజులుండి, ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయిలో దిగారు. అలా తీసుకొచ్చినవారు లక్షా డెబ్బయి వేల పైచిలుకు. కోనసీమలో, కడప జిల్లాలో ఆ ఏడాది పొయ్యి సరిగా వెలగని ఇళ్లు ఎన్నో.

నాన్న 1992లో మళ్లీ కువైట్ వెళ్లారు. అప్పటికి డాలరు ధర మారిపోయింది. 1991 జులై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించినప్పుడు 21 రూపాయల డాలరు 26 దగ్గరకు వచ్చింది. 1993 మార్చికి 31 దాటింది. దినారుకూ అలాగే ఎక్కువ రూపాయలు. మా ఇంటి పెంకులు తీసి శ్లాబు వేయించింది ఆ తేడాతోనే. పత్రికలు రూపాయి పతనం అని రాస్తుంటే మా అమ్మకు మాత్రం అది ఇంటి పైకప్పు. ఒకే అంకె ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నది కూడా అట్ట మీద ఉండాలని నా కోరిక.

చీరాల మగ్గం (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

సోదరుడు చెప్పినదానికి అవతలి గట్టు నేను చెబుతాను.

మాది నేత కుటుంబం. 1991లో నేను ఏడో తరగతి. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి తాతది, ఒకటి నాన్నది. అమ్మ కండెలు చుట్టేది, నేను బడి నుంచి వచ్చి ఆసు పోసేవాణ్ణి. దేశానికి డాలర్లు కావాలి కనుక ఎగుమతులు పెంచాలన్నారు. రూపాయి విలువ తగ్గాక నూలు బయటి దేశాలకు అమ్మితేనే మిల్లులకు లాభం. మా చేతిమగ్గాలకు వాడే చిలపల నూలు ధర మాకు అందనంత పైకి పోయింది. చీర ధర మాత్రం పెరగలేదు, కొనేవాళ్ల చేతిలోనూ డబ్బు లేదు. మొదట తాత మగ్గం ఆగింది. దసరా వెళ్లాక నాన్నదీ ఆగింది. ఆ ఏడాది చివర ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో నేతగాళ్ల ఆకలి చావులు పత్రికల్లో వచ్చాయి. మా వీధి చివర ఇంటిలో ఒకరు. ఆయన పేరు నేను ఇక్కడ రాయను, పిల్లలు ఇంకా ఉన్నారు.

ఎగుమతులు 1990-91లో 1,810 కోట్ల డాలర్లు, 1995-96లో 3,180 కోట్ల డాలర్లు. నాకూ తెలుసు ఈ అంకె. పెద్దయ్యాక వెతికి నేర్చుకున్నాను. అందులో మా నూలు ఉంది.

కాకతీయ తోరణం (మంగళవారం, మధ్యాహ్నం 2:02)

అన్నా, మీ ఇంటి కష్టం ముందు నేను వాదించలేను. కానీ ఒక్క మాట. నేత సంక్షోభం 1991లో పుట్టింది కాదు, మరమగ్గాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే గొంతు పిసికాయి. ఆ ఏడాది నిల్వలు పూర్తిగా అడుగంటి, విదేశీ చెల్లింపులు ఎగ్గొట్టిన దేశం అయి ఉంటే, పెట్రోలు, ఎరువులు, మందులు ఆగిపోయి ఉంటే, మొదట చచ్చేది ఎవరు? మళ్లీ పేదవాడే. జరగని ప్రమాదాన్ని ఏ సూచీ కొలవదు. పీవీకి జరిగిన అన్యాయం అదే.

చీరాల మగ్గం (మంగళవారం, మధ్యాహ్నం 2:31)

నిజమే, మరమగ్గాల దెబ్బ ముందునుంచీ ఉంది. ప్రమాదం తప్పించాలన్నదాన్నీ నేను కాదనడం లేదు. ఓడ మునగకుండా బరువు తగ్గించాలి, సరే. ముందు ఎవరి మూటలు నీళ్లలో పడేశారు అని అడుగుతున్నాను. చేనేతకు చిలపల నూలు ముందు ఇచ్చి మిగిలింది ఎగుమతి చేయమని గట్టిగా కట్టడి చేయడానికి, మనకు అప్పు ఇచ్చిన అంతర్జాతీయ ద్రవ్యనిధి అడ్డు చెప్పిందా? అది మన చేతిలో ఉన్న పని. నాయకుణ్ణి కొలిచేటప్పుడు చేయిదాటిన వాటిని వదిలేద్దాం, చేతిలో ఉన్నవాటిని వదలవద్దు.

ఒండ్రునేల (మంగళవారం, రాత్రి 8:45)

చేతిలో ఉన్న పని అంటే నాకు ఎరువులు గుర్తొచ్చాయి. దివిసీమలో ఏడెకరాల వరి మాది.

1991 బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు. పార్లమెంటులో గొడవైతే 30కి దించారు, చిన్న రైతులకు మినహాయింపు అన్నారు. మరుసటి ఏడాది ఆగస్టులో అసలు మార్పు వచ్చింది. భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేశారు. యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచి, పైగా 10 శాతం తగ్గించారు. రైతు ఏం చేస్తాడు? చవకైనదే చల్లుతాడు. మా నాన్న కూడా చల్లారు. చేను నల్లగా ఏపుగా పెరిగేది, గాలివానకు పడిపోయేది, దోమపోటు వచ్చేది. దేశం మొత్తం మీద నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 1991-92లో 5.9, 2.4, 1 పాళ్లలో ఉంటే, ఒక్క ఏడాదిలో 9.5, 3.2, 1కి చెడింది. నాలుగు, రెండు, ఒకటి ఉండాలని వ్యవసాయ శాఖ వాళ్లు అప్పటికే చెబుతూ వచ్చిన పాళ్లు.

సబ్సిడీ పొదుపు కనుక బడ్జెట్ లెక్కలో ఇది మంచి పని కిందే జమ అవుతుంది. నేల ఖాతాలో పడిన ఖర్చు ఏ లోటులోనూ కనిపించదు. ఆ తప్పు తరువాత వచ్చిన ప్రభుత్వాలూ దిద్దలేదు, అందుకని మొత్తం నింద పీవీ మీద వేయను. మొదలైన ఏడాది మాత్రం అదే.

మాస్టారూ, వీలైతే ఆ పాళ్లు రెండూ అట్ట మీద రాయండి. పిల్లల్లో సగంమంది రైతుల ఇళ్ల నుంచే వచ్చి ఉంటారు.

గణాంక (మంగళవారం, రాత్రి 10:30)

నేను ఈ రంగంలో పరిశోధన విద్యార్థిని. మాస్టారి తరగతిలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న రోజంతా నన్ను వదల్లేదు.

1991-92లో టోకు ధరల సగటు పెరుగుదల 13.7 శాతం. అదే ఏడాది వ్యవసాయ కూలీల వినియోగ ధరల సూచీ 19 శాతానికి పైగా పెరిగింది. ఒకే దేశం, ఒకే ఏడాది, రెండు ద్రవ్యోల్బణాలు. కారణం కూలీ ఇంట్లో ఖర్చులో పెద్ద వాటా తిండిదే. మాస్టారు రాసిన 17 శాతం టోకు వ్యాపారి అంకె.

తిండి ధర పెంచడంలో ప్రభుత్వం చేయి కూడా ఉంది. రేషను కోసం కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చే బియ్యం కిలో ధర 1990లో 2 రూపాయల 89 పైసలు. 1991 డిసెంబరులో 3.77, 1993 జనవరిలో 4.37, 1994 ఫిబ్రవరిలో 5.37. నాలుగేళ్లలో దాదాపు రెట్టింపు. మద్దతు ధరలు పెంచారు కనుక రైతుకు కొంత మేలు జరిగింది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ రేషను దుకాణంలో ధర బజారు ధరకు దగ్గరయ్యేకొద్దీ కొనేవారు తగ్గారు. 1995 జులై నాటికి ప్రభుత్వ గోదాముల్లో మూడున్నర కోట్ల టన్నుల ధాన్యం పేరుకుంది. నిల్వలు అనే మాట డాలర్లకు వాడితే విజయం, బియ్యానికి వాడితే నాకు మాత్రం గుండె చివుక్కుమంటుంది.

ఇప్పుడు మన రాష్ట్రానికి రండి. 1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో పీవీ గెలిచిన తేడా 5 లక్షల 80 వేల ఓట్లు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీయే పెట్టలేదు. మూడేళ్లు తిరిగాయి. 1994-95, దేశ వృద్ధి రేటు బ్రహ్మాండంగా ఉన్న ఏడాది. ఆ డిసెంబరులో రెండు రూపాయలకు కిలో బియ్యం మళ్లీ ఇస్తానని ఎన్టీ రామారావు ఓట్లడిగారు. 294 స్థానాల్లో తెలుగుదేశానికి 216, కాంగ్రెస్‌కు 26. మద్య నిషేధం కోసం ఆడవాళ్లు చేసిన ఉద్యమం కూడా ఆ ఫలితంలో ఉంది, ఒక్క బియ్యమే అనను. అయినా, ఆ అమ్మాయికి మొదటి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

పేదరికం లెక్క అడుగుతారేమో. పాత పద్ధతిలో 1987-88లో దాదాపు 39 శాతం, 1993-94లో 36. తరువాత తెందుల్కర్ కమిటీ పద్ధతిలో అదే 1993-94కు 45.3 అని తేల్చారు. ఏ గీత గీస్తే ఆ అంకె. అసలు చిక్కు వేరు. పీవీ అయిదేళ్లలో పెద్ద సర్వే జరిగింది ఒక్కటే, సరిగ్గా నడిమధ్య. ఎక్కినప్పుడు ఎంత, దిగినప్పుడు ఎంత అని చెప్పే పెద్ద సర్వే లేదు. మధ్యలో చిన్న నమూనాలతో జరిగిన సర్వేల్లో 1992లో గ్రామీణ పేదరికం పెరిగినట్టు కనిపించింది. డాలర్లను వారం వారం లెక్కపెట్టిన దేశం పేదలను అయిదేళ్లకోసారి లెక్కపెట్టింది.

సముద్రం అవతల (బుధవారం, ఉదయం 7:30)

గణాంక అమ్మా, ఆ రెండు నిల్వల మాట మా నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, 1991లో తను ఊళ్లో ఖాళీగా ఉన్నప్పుడు అప్పు చేసి కొన్నది బియ్యమేనని చెప్పారు. శ్లాబు కథ నాకు తెలుసు, ఇది తెలియదు.

పాత బడ్జెట్లు (బుధవారం, ఉదయం 9:10)

అమ్మాయి రాసింది చదివాక నేను ఒకటి ఒప్పుకోవాలి. నిన్న అప్పుల స్వరూపమే అసలు సాక్ష్యం అన్నాను. అది ఖజానా వైపు నుంచి మాత్రమే నిజం.

ఘనత ఎవరిది అన్న ప్రశ్న కూడా పిల్లలు తప్పక అడుగుతారు, పీవీదా, మన్మోహన్‌దా అని. బడ్జెట్ చదివింది మన్మోహన్ గారు. అదే రోజు, జులై 24న, ప్రకటించిన పారిశ్రామిక విధానం పీవీ తన చేతిలో ఉంచుకున్న పరిశ్రమల శాఖది. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతా వాటికి లైసెన్సు అవసరం లేదన్నది అందులోనే. అది ఆయన సొంత సంతకం. కానీ అన్నీ ఆయనవే అనకూడదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ వెలుగుకు దారి వేసిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ 1991 జూన్ 5న ఏర్పడింది. పీవీ ప్రమాణానికి పదహారు రోజుల ముందు. అలాగే ఆయన మొదలుపెట్టినా ఫలితం ఆయన పేరున పడని పనులూ ఉన్నాయి. ప్రభుత్వం తన లోటును రిజర్వు బ్యాంకు చేత నోట్లు కొట్టించి పూడ్చుకునే అలవాటుకు కళ్లెం వేసే ఒప్పందం 1994 సెప్టెంబరులో కుదిరింది, 1997లో పూర్తిగా అమలైంది. అప్పటికి ఆయన ప్రధాని కారు. మధ్యాహ్న భోజన పథకం, వృద్ధులకు నెలకు 75 రూపాయల జాతీయ పింఛను రెండూ 1995 ఆగస్టు 15న మొదలయ్యాయి. అవి ఓటరు గడపకు చేరేలోపే ఎన్నికలు వచ్చాయి. ఆకలి లెక్క ఆయనకు ఆలస్యంగానైనా తెలిసిందని నేను నమ్ముతాను.

సుంకాల సంగతి కూడా. 300 శాతం దాటిన గరిష్ఠ కస్టమ్స్ సుంకాన్ని 1991లో 150కి, 1995కి 50కి తెచ్చారు. వస్తువులు చవకయ్యాయి, పోటీ పెరిగింది. కేంద్రం పన్నుల రాబడి మాత్రం జీడీపీలో వాటాగా తగ్గింది. ఆ లోటు కొంత రోడ్లు, కాలువల మీద కోతగా తేలింది. మా శాఖలో ఆ ఏళ్లలో ఎన్ని పనులు సగంలో ఆగాయో నా చేతులతో నేనే రాసుకున్నాను.

కాకతీయ తోరణం (బుధవారం, మధ్యాహ్నం 12:40)

నేత అన్న మాట రాత్రంతా ఆలోచించాను. నా అభిమానం మారలేదు, మారదు కూడా. అయితే మాస్టారూ, నిల్వల అంకె పక్కనే నూలు అంకె పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూసంస్కరణల కోసం సొంత భూమి వదులుకున్న మనిషి ఆయన. ఆ లెక్క చూపిస్తే నొచ్చుకునేవారు కాదు.

ఇంకొకటి. 1996లో కాంగ్రెస్ 140 స్థానాలకు పడిపోవడాన్ని పూర్తిగా బియ్యం ధరతో ముడిపెట్టవద్దు. బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబరు 6 ఉంది, హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం ఉంది, నాయకులకు ముడుపులు అందాయన్న హవాలా కేసు ఉంది. పిల్లలకు అది చెప్పాలి. డిసెంబరు 6 ఏ ఆర్థిక సూచీలోనూ కనిపించదు. చాలామందికి ఆయన మీద తీర్పు ఆ ఒక్క రోజే.

నల్లబల్ల (బుధవారం, రాత్రి 9:55)

అందరికీ నమస్కారం. అట్ట మళ్లీ రాశాను. వృద్ధి రేటుకు 1.3 ఒక్కటే పెట్టకుండా 1980ల సగటు 5.5, ఎనిమిదో ప్రణాళిక 6.5 పక్కపక్కన పెట్టాను. ద్రవ్యలోటులో 1993-94 నాటి 7 శాతం చేర్చాను. స్వల్పకాలిక అప్పు ఉంది. టోకు ధరల పక్కనే వ్యవసాయ కూలీల సూచీ ఉంది. ఎరువుల పాళ్లు ఉన్నాయి. గోదాముల ధాన్యాన్ని, డాలర్ల నిల్వను ఒకే వరుసలో రాశాను. నూలు ధరకు నా దగ్గర నమ్మకమైన అంకె లేదు కనుక ఎగుమతుల కింద చీరాల సోదరుడి మాటలే, ఆయన అనుమతిస్తే, రెండు వాక్యాలు రాస్తాను. డిసెంబరు 6ను అట్ట మీద పెట్టలేదు, చర్చ మొదట్లో నేనే నోటితో చెబుతాను.

ప్రశ్న అడిగిన అమ్మాయికి ఒక పని అప్పగించాను. వాళ్ల నాయనమ్మ అప్పట్లో వరి నాట్లకు వెళ్లేదట. 1991లో, 1994లో రోజు కూలి ఎంత, దానితో ఎన్ని కిలోల బియ్యం వచ్చేవి, అడిగి రాసుకురమ్మన్నాను. ఆ వరుస ఖాళీగా ఉంచాను.

బియ్యం ధర 5.37 అన్నది సాధారణ రకానికేనా? రాసేముందు ఒకసారి నిర్ధారించుకోవాలని.

చీరాల మగ్గం (బుధవారం, రాత్రి 10:10)

రాయండి మాస్టారూ. వీధి పేరు మాత్రం వద్దు.

పాత బడ్జెట్లు (గురువారం, ఉదయం 6:35)

సాధారణ రకానికే. సన్న రకాల ధర అంతకంటే ఎక్కువ. అట్ట మీద "కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన ధర" అని స్పష్టంగా రాయండి. దుకాణంలో కార్డుదారు కట్టిన ధర వేరు, దాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించేది. ఆ నాయనమ్మ గారు చెప్పే అంకె మీ అంకెతో కలవకపోతే అమ్మాయి తప్పు రాసిందని కొట్టేయకండి.